ప్రేమించిన అమ్మాయి డాక్టర్ కాదు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక ఇంటర్ కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ వారోత్సవాల్లో మామూలుగా పుస్తకం గొప్పదనం గురించి మాట్లాడమంటారు. నన్ను మాత్రం వేరే విషయం మాట్లాడమన్నారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఎగబడి చదివే నవలల్లో డిప్రెషన్, ప్రేమ జంటగా వస్తున్నాయి, అవి వాళ్ల చేతికి ఇవ్వొచ్చా అని. నేను ఇవ్వకూడదంటానని నిర్వాహకులు అనుకున్నట్టున్నారు, ముందు వరుసల్లో పేరెంట్స్‌ని కూర్చోబెట్టారు. (నవ్వులు) పిల్లలేమో వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను వాళ్ల వైపు చూసి మాట్లాడతాను, పెద్దలు ఏమీ అనుకోకండి.

మా కాలేజీలో పిల్లలు సిలబస్‌లో ఉన్న ఆరు పేజీల కథ చదవరు. నాలుగొందల పేజీల అమెరికన్ నవల మాత్రం ఫోనులో పీడీఎఫ్ పెట్టుకుని రెండు రాత్రుల్లో ముగిస్తారు. అందులో ఒక అమ్మాయి ఉంటుంది, ఒక అబ్బాయి ఉంటాడు. ఇద్దరిలో ఒకరికి బతకాలని లేదు. రెండోవాళ్లు వచ్చి ప్రేమిస్తారు. ఇలాంటి నవల ఏది దొరికినా నేను ఒక్కటే చూస్తాను: ఈ కథలో ప్రేమకి ఏం పని అప్పజెప్పారు? తోడుగా ఉండే పనా, వైద్యం చేసే పనా? చివర్లో ఎవరైనా చనిపోతారా లేదా అనేది నాకు ఆ తర్వాతి సంగతి.

ముందు నాకు బాగా ఇష్టమైన పుస్తకం చెప్తాను. 2006లో వచ్చింది, పేరు 'ఇట్స్ కైండ్ ఆఫ్ ఎ ఫన్నీ స్టోరీ', రాసింది నెడ్ విజ్జీని. హీరో క్రెయిగ్ గిల్నర్‌కి పదిహేనేళ్లు, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ కుర్రాడు. మన్‌హటన్‌లో పేరున్న ఒక స్కూల్లో సీటు కోసం ఎంట్రన్స్ రాయాలి. ఆటలు మానేసి, ఫ్రెండ్స్‌ని మానేసి, చేతిలో ఫ్లాష్‌కార్డులు పట్టుకుని రైల్లో, బాత్‌రూమ్‌లో చదువుతాడు. సీటు వస్తుంది. ఇంట్లో పండగ. క్లాసులోకి వెళ్లి చూస్తే అక్కడ ఉన్నవాళ్లందరూ అలా చదివి వచ్చినవాళ్లే. నిన్నటిదాకా తన వీధిలో తనే తెలివైనవాడు, ఇప్పుడు మామూలు స్టూడెంట్. అక్కణ్ణుంచి వాడికి తిండి సహించదు, తిన్నది వాంతి అవుతుంది, రాత్రి నిద్ర పట్టదు, మంచం దిగబుద్ధి కాదు.

ఇది న్యూయార్క్ కథ అని నేను చెప్పకపోతే మీరెక్కడ అనుకునేవాళ్లు? ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం, కింది సెక్షన్‌కి దిగినవాడు అన్నం దగ్గర కూడా తలెత్తకపోవడం. మనవాళ్లకి ఈ పుస్తకం అర్థం కావడానికి ఫుట్‌నోట్స్ అక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. క్రెయిగ్ తల్లిదండ్రులు వాణ్ణి ఆ స్కూల్‌కి తొయ్యలేదు. అదే రచయిత తెలివి అంటాను నేను. కసాయి తండ్రిని పెట్టి ఉంటే మనందరం ఆయన్ని తిట్టుకుని పుస్తకం మూసేసేవాళ్లం. ఇక్కడ నాన్న పిచ్చి జోకులేసే మంచి మనిషి, అమ్మ ఏం వండితే కొడుకు తింటాడా అని ఆరాటపడే మనిషి, చెల్లెలు ముద్దుగా ఉంటుంది. ఇంత మంచి ఇంట్లో కూడా ఆ జబ్బు వచ్చి కూర్చుంది. ముందు వరుసల్లో ఉన్నవాళ్లు దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. "వాడికేం తక్కువ చేశాం" అనే ప్రశ్నకి ఇక్కడ చోటు లేదు.

ఇంకో చిన్న విషయం, చాలామంది పాఠకులు దాటేసి వెళ్లిపోయేది. క్రెయిగ్‌కి డాక్టర్ ఉంది, మాత్రలు వాడతాడు, నయంగా అనిపిస్తుంది. నయంగా ఉంది కదా అని తనే మాత్రలు ఆపేస్తాడు. మన ఇళ్లలో బీపీ మాత్రలతో కూడా చేసే పనే ఇది. కొన్నాళ్లకి పాత చీకటంతా తిరిగొస్తుంది. ఒక రాత్రి చనిపోవాలని నిశ్చయించుకుంటాడు. ఆ రాత్రే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, లేచి బట్టలేసుకుని, దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌కి నడుచుకుంటూ వెళ్లి ఎమర్జెన్సీలో "నేను చనిపోవాలనుకుంటున్నాను" అని చెప్తాడు. టీనేజ్ వార్డు మరమ్మతుల్లో ఉంది, పెద్దవాళ్ల వార్డులో చేర్చుకుంటారు. అక్కడ ఐదు రోజులు. పక్క మంచం మీద ముక్తదా అని ఈజిప్టు ఆయన, మంచం దిగడు, ఎవరితో మాట్లాడడు. క్రెయిగ్ ఆయన కోసం ఈజిప్టు పాటలు తెప్పిస్తాడు. చిన్నప్పుడు ఊళ్ల మ్యాపులు గీసేవాడు, ఇప్పుడు మనుషుల తలల లోపల మ్యాపులు గీస్తాడు.

అక్కడ నోయెల్ అనే అమ్మాయి పరిచయమవుతుంది. ముఖం మీద తను పెట్టుకున్న గాట్లున్నాయి. ఇద్దరూ ఆటలాగా ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ దగ్గరవుతారు. చాలా ముచ్చటైన ప్రేమ. ఇక్కడ వరస గమనించండి. నోయెల్ కనిపించేసరికి క్రెయిగ్ ఫోన్ చేసేశాడు, హాస్పిటల్‌కి వచ్చేశాడు, మాత్ర మళ్లీ మొదలైంది, ఇంట్లో తెలిసింది. ప్రాణం కాపాడే పని అయిపోయిన తర్వాత ప్రేమ వచ్చింది. ఆ అమ్మాయి మీద అతన్ని బతికించే భారం లేదు కాబట్టే వాళ్లిద్దరూ నవ్వుకోగలిగారు.

ఈ పుస్తకంలో లోపం లేదనను. ఐదు రోజుల్లో అన్ని ముడులూ అంత చక్కగా విడిపోవడం నాకు నమ్మబుద్ధి కాదు. ఆ వార్డు కూడా వేసవి క్యాంపులాగా ఉంటుంది. అయితే పుస్తకం చివరి పేజీలో ఒక మాట ఉంది: రచయిత 2004 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 3 వరకు బ్రూక్లిన్‌లోని ఒక హాస్పిటల్లో పెద్దవాళ్ల మానసిక వైద్య వార్డులో ఉన్నాడు, డిసెంబర్ 10న ఈ నవల మొదలుపెట్టి జనవరి 6కి పూర్తిచేశాడు. అంటే బయటికొచ్చిన వారానికే కలం పట్టుకుని నెలలోపు ముగించాడు. అతను చదివింది కూడా ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకునే స్టైవెసెంట్ స్కూల్లోనే.

నెడ్ విజ్జీని 2013 డిసెంబర్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. ముప్పై రెండేళ్లు. ఈ మాట పిల్లలకి చెప్పాలా వద్దా అని నేను చాలా తర్జనభర్జన పడ్డాను. చివరికి చెప్పాను, ఎందుకంటే గూగుల్ ఎలాగూ చెప్తుంది. క్లాసులో ఒక అబ్బాయి వెంటనే అడిగాడు: "అయితే ఆయన రాసిందంతా అబద్ధమేనా మేడమ్?" కాదు నాన్నా. పుస్తకం చివర్లో క్రెయిగ్ తనకి పూర్తిగా తగ్గిపోయిందని చెప్పడు. బరువు ఇంకా తలలోనే ఉంది, మళ్లీ జారిపోవడం ఎంత తేలికో తెలుసు అంటాడు. తిరగబెట్టే జబ్బు ఇది. 2004లో ఆ కుర్రాడు హాస్పిటల్‌కి నడవడం వల్ల అతనికి ఇంకో తొమ్మిదేళ్లు దొరికాయి. అందులో పెళ్లి చేసుకున్నాడు, తండ్రయ్యాడు, పుస్తకాలు రాశాడు. ఆ తొమ్మిదేళ్లూ నిజం.

ఇప్పుడు మీలో చాలామంది చదివిన పుస్తకానికి వస్తాను. ఎవరెవరు చదివారో నాకు తెలుసు, కళ్లే చెప్తున్నాయి. (నవ్వులు) జెన్నిఫర్ నివెన్ రాసిన 'ఆల్ ది బ్రైట్ ప్లేసెస్'. 2015లో వచ్చింది, 2020లో నెట్‌ఫ్లిక్స్ సినిమా అయింది. ఇండియానా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. వైలెట్ అక్క కారు ప్రమాదంలో చనిపోయింది, ఆ కారులో వైలెట్ కూడా ఉంది, అప్పట్నుంచి కారెక్కదు. ఫించ్ అనే కుర్రాడు స్కూల్లో అందరికీ వింతమనిషి. ఇద్దరూ స్కూల్ గంట గోపురం మీద, ఉండకూడని చోట, ఉండకూడని మనఃస్థితిలో ఎదురుపడతారు. నిజానికి అతనే ఆమెను మాటల్లో పెట్టి వెనక్కి తెస్తాడు. కింద ఉన్నవాళ్లు మాత్రం ఆమే అతన్ని కాపాడిందనుకుంటారు, అతను ఆ అపోహని అలాగే ఉండనిస్తాడు. క్లాసు ప్రాజెక్టు పేరుతో ఇద్దరూ ఇండియానాలో ఊళ్లు తిరుగుతారు. వైలెట్ మెల్లగా కోలుకుంటుంది. ఫించ్ కోలుకోడు.

వైలెట్ వైపు నుంచి చూస్తే ప్రేమ అద్భుతాలు చేసింది. ఫించ్ వైపు నుంచి చూస్తే ఏం జరిగింది? తండ్రి కొట్టే మనిషి, తల్లి తన బాధలో తను మునిగి ఇంట్లో ఏం జరుగుతోందో చూడదు. స్కూల్ కౌన్సెలర్ మాత్రం బైపోలార్ అనే పేరు ఎత్తుతాడు, అంటే ఒకసారి విపరీతమైన హుషారు, ఒకసారి లోతైన కుంగుబాటు వచ్చే జబ్బు. ఫించ్‌కి ఆ లేబుల్ అంటే భయం. రోజులకి రోజులు మాయమవుతాడు, తన గది వదిలి బట్టల అలమరలోకి మకాం మారుస్తాడు. ఇవన్నీ దగ్గరగా చూస్తున్నది ఎవరు? పదిహేడేళ్ల అమ్మాయి. ఆమెకి జబ్బు పేరు తెలీదు, మందు తెలీదు, తెలిసిందల్లా ఇతన్ని ప్రేమిస్తున్నానని. చివరికి అమ్మానాన్నలకి చెప్తుంది. అప్పటికి ఆలస్యమవుతుంది. తర్వాతి పేజీల్లో ఆమెను తొలిచేది ఒకటే, నేను ఇంకాస్త బాగా ప్రేమించి ఉంటే అని. చదివే మనకి తెలుసు, ఆమె తప్పేం లేదని. ఆ నేరభావాన్ని నివెన్ తొందరగా చెరిపెయ్యకుండా చివరిదాకా మోయించింది, అందుకు ఆమెకు దండం పెడతాను. తను ప్రేమించిన ఒక అబ్బాయిని ఇలాగే పోగొట్టుకున్నానని రచయిత్రే పుస్తకం వెనక రాసుకుంది.

నాకు అభ్యంతరం వేరేచోట ఉంది. ఫించ్ మరీ అందంగా ఉన్నాడు. గిటారు, కవిత్వం, నడిరాత్రి షికార్లు, నాలుక చివర ఎప్పుడూ ఒక కొటేషన్. అతని జబ్బే అతనికి ఆ మెరుపు తెచ్చిందేమో అనిపించేలా రాసింది. మా అమ్మాయిల్లో కొందరికి "నాకూ ఫించ్ లాంటి బాయ్‌ఫ్రెండ్ కావాలి" అని ఉంటుంది. అమ్మా, నిజం డిప్రెషన్‌లో అంత గ్లామర్ ఉండదు. తల దువ్వుకోరు. రెండ్రోజులైనా స్నానం చెయ్యరు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే విసుక్కుంటారు. మగపిల్లల్లో ఐతే చాలాసార్లు ఏడుపు బదులు చిరాకు, కోపం కనిపిస్తాయి. దాన్ని మనం పొగరు అనుకుంటాం.

గ్లామర్ లేకుండా రాసిన పుస్తకం కావాలంటే జాన్ గ్రీన్ 2017లో రాసిన 'టర్టిల్స్ ఆల్ ది వే డౌన్' చూడండి. అందులో ఉన్నది డిప్రెషన్ కాదు, ఓసీడీ, అంటే అక్కర్లేని ఒకే ఆలోచన ఆగకుండా వేధించే జబ్బు. తనకూ ఆ జబ్బుందని గ్రీన్ చాలాసార్లు బహిరంగంగా చెప్పాడు. కథ మళ్లీ ఇండియానాలోనే, ఆ రాష్ట్రం మీద ఈ రచయితలకి ఏం ప్రేమో. ఏజా అనే అమ్మాయికి డేవిస్ అంటే ఇష్టం. ముద్దు పెట్టుకుంటే అతని నోట్లో క్రిములు తనలోకి వచ్చేశాయనే ఆలోచన ఆగదు. డేవిస్ మంచివాడు, ఓపిక ఉన్నవాడు. అతని మంచితనం ఆ ఆలోచన మీద ఏమీ పని చెయ్యదు. మంచి ప్రేమ, ఓడిపోయిన ప్రేమ కాదు, అయినా జబ్బు జబ్బుగానే ఉంది. ఇంత నిజాయితీగా ఈ సంగతి ఒప్పుకున్న యువ నవలలు తక్కువ.

'థర్టీన్ రీజన్స్ వై' గురించి ఎక్కువ మాట్లాడను. 2007 నవల, 2017లో నెట్‌ఫ్లిక్స్ సీరియల్. చనిపోయిన అమ్మాయి క్యాసెట్లు పంపి ఎవరెవరు కారణమో చెప్తుంది. చావుని పగ తీర్చుకునే సాధనం చేసింది, అదీ నాకు గిట్టనిది. సీరియల్ మొదటి భాగంలో ఆత్మహత్యని చూపించిన దృశ్యాన్ని 2019లో నెట్‌ఫ్లిక్సే తీసేసింది. అది విడుదలైన మర్నెల అమెరికాలో 10 నుంచి 17 ఏళ్లవాళ్ల ఆత్మహత్యలు అంచనా కంటే దాదాపు 29 శాతం ఎక్కువయ్యాయని ఒక అధ్యయనం చెప్పింది. సీరియల్ వల్లే అని అదీ తేల్చలేదు. తర్వాత అవే అంకెలు మళ్లీ లెక్కవేసినవాళ్లు ఆ పెరుగుదల సీరియల్‌కి అంటగట్టేంతది కాదన్నారు.

ఈ భయం కొత్తదేం కాదు. 1774లో గోథే అనే జర్మన్ రచయిత, పాతికేళ్ల కుర్రాడు, వెర్థర్ అనే యువకుడి కథ రాశాడు. వేరొకరికి నిశ్చయమైన అమ్మాయిని ప్రేమించి ప్రాణం తీసుకుంటాడు. యూరప్ కుర్రకారు వెర్థర్‌లాగా నీలం కోటు, పసుపు వెయిస్ట్‌కోటు తొడుక్కుని తిరిగారు. మరుసటేడు లైప్‌జిగ్ నగరం పుస్తకాన్ని నిషేధించింది. రెండొందల ఏళ్ల తర్వాత, 1974లో, డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆత్మహత్య వార్తలు మోత మోగాక ఆత్మహత్యలు పెరుగుతున్నాయని చూపించి, దానికి వెర్థర్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు.

దీనికి ఎదురు మాట కూడా ఉంది, దాన్ని మన పేపర్లు ఎందుకో పట్టించుకోవు. 2010లో వియన్నా పరిశోధకులు, కష్టంలో పడినవాళ్లు దాన్ని ఎలా దాటారో చెప్పే కథనాలు వచ్చినచోట ఆత్మహత్యలు తగ్గుముఖం పట్టాయని చూశారు. దానికి పపగేనో ఎఫెక్ట్ అని పేరు. పపగేనో మొజార్ట్ 1791లో చేసిన 'ది మ్యాజిక్ ఫ్లూట్' సంగీత నాటకంలో పిట్టలు పట్టేవాడు. తనకి నచ్చిన పిల్ల దక్కదని చనిపోబోతాడు. అప్పుడు ముగ్గురు పిల్లలు వచ్చి ఆపి, నీ దగ్గర గంటలున్నాయిగా, వాటిని మోగించు అంటారు. మోగిస్తాడు, ఆ తర్వాత పిల్ల వస్తుంది. చూశారా, ఇక్కడా అదే వరస. ఆపింది ప్రియురాలు కాదు, దారిన వచ్చిన ముగ్గురు పిల్లలు. ప్రేమ తర్వాత వచ్చింది.

మన దగ్గరికి వస్తే, మనకి దేవదాసు ఉన్నాడు. 1953లో నాగేశ్వరరావు గారు తాగి తాగి పోయినప్పటినుంచి మనం కుంగుబాటుని చూసిన ప్రతిచోటా "లవ్ ఫెయిల్యూర్" అనేస్తాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా వేసే ఆత్మహత్య కారణాల పట్టికలో కూడా ప్రేమ వ్యవహారం ఒక గడి, పరీక్ష ఫెయిల్ ఒక గడి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక్క గడి. క్రెయిగ్ అయితే పరీక్ష పాసైన తర్వాతే కుంగిపోయాడు, వాణ్ణి ఏ గడిలో వెయ్యాలి? అందుకే నవల కావాలంటున్నాను. నవీన్ గారి 'అంపశయ్య' 1969లోనే ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి బుర్రలో ఒక రోజంతా కూర్చోబెట్టింది మనల్ని. అతనికి డబ్బు చింత, చదువు చింత, అమ్మాయిల గురించి ఆరాటం, అన్నీ కలగలిసి ఉంటాయి. రవి పీజీ కుర్రాడు. ఇంటర్ హాస్టల్లో మూడంతస్తుల ఇనప మంచం మీద పడుకున్న పదహారేళ్లవాడి గొంతుతో రాసినవి మనకి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా పిల్లలు ఇండియానా వెళ్లేది అందుకే.

టైమైంది అంటున్నారు. రెండు మూడు ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక తండ్రి: ఇవి చదివితే లేని ఆలోచన పెట్టినట్టు కాదా మేడమ్?) చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అపోహల జాబితాలోనే వేసింది. చాలామందికి అడిగినందుకు ఊరట కలుగుతుంది. పుస్తకం విషయంలో మాత్రం తేడా చూడాలి. ఎలా చనిపోయారో విడమర్చి చూపించేది, చావుని అందంగా చేసేది పక్కన పెట్టండి. మిగతావి పిల్లలతో పాటు మీరూ చదవండి సార్. చదివి వాళ్లతో గొడవపడండి, ఫరవాలేదు.

(ఒక విద్యార్థిని: ఫ్రెండ్ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంటే?) ఒట్టు తీసి గట్టు మీద పెట్టు తల్లీ. చెప్పెయ్యి. వాళ్ల ఇంట్లో చెప్పలేకపోతే మీ ఇంట్లో చెప్పు, లెక్చరర్‌కి చెప్పు. ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చెయ్యి, 14416. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, డబ్బులు కట్టక్కర్లేదు, ఏ రాత్రైనా తెలుగులో మాట్లాడతారు. నీ కోసమైనా చెయ్యొచ్చు, ఫ్రెండ్ కోసమైనా చెయ్యొచ్చు. వాడు నీతో కొన్నాళ్లు మాట్లాడడు, అంతేగా. వైలెట్‌కి ఆ అవకాశం కూడా మిగల్లేదు.

(ఒక తల్లి: ఈ ప్రేమల గోల లేకుండా రాసినవి లేవా అండీ?) (నవ్వులు) ఉన్నాయమ్మా. ఆడిబ్ ఖోరమ్ 2018లో రాసిన 'డేరియస్ ది గ్రేట్ ఈజ్ నాట్ ఓకే' ఉంది. డేరియస్ అమెరికాలో పెరిగిన కుర్రాడు, అమ్మది ఇరాన్. డిప్రెషన్‌కి రోజూ మాత్ర వేసుకుంటాడు, వాళ్ల నాన్నకీ అదే జబ్బు, అదే మాత్ర. సెలవుల్లో యజ్ద్‌లో తాతగారింటికి వెళ్తే అక్కడ ఆ మాత్రలెందుకు, కాస్త ధైర్యంగా ఆలోచిస్తే పోతుందిగా అన్నట్టు మాట్లాడతారు. మన తాతగారు అన్నట్టే ఉంటుంది. అక్కడ పక్కింటి సొహ్రాబ్‌తో స్నేహం కుదురుతుంది, కథంతా ఆ స్నేహం చుట్టూనే. తండ్రీ కొడుకులకి పడదు, అయినా రోజూ రాత్రి కలిసి స్టార్ ట్రెక్ ఒక ఎపిసోడ్ చూస్తారు. మీకు ఆ సీరియల్ తెలీకపోతే మధ్యమధ్యలో కొంచెం విసుగొస్తుంది. ఆ పేజీలు తిప్పెయ్యండి, నేనూ అదే చేశాను.